నాలుగో వాక్యం

బిర్సానగర్,
ఏప్రిల్ 13

చిలకమ్మకు,

నీ కూతురి పేరు బడి రిజిస్టరులోంచి కొట్టేసింది హెడ్మాస్టరు కాదు, నువ్వు. కన్నతల్లివి, కలం కూడా పట్టుకోనక్కర్లేకుండా, ఇంట్లోంచి కాలు కదపకుండా కొట్టేశావు.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఊఁ" అంటావు తప్ప మాట్లాడవు. నీ అన్నతో మాట్లాడటానికి నీకు నోరు రాదు గనక కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని మధ్యలో కట్ చేయలేవు.

ఏప్రిల్ ఎనిమిదిన తొమ్మిదో తరగతి నమోదు. ఎనిమిదో క్లాసు దాకా చట్టం అడ్డం ఉంది, ఎవరి పేరూ తీసేయడానికి లేదు. తొమ్మిదికి తల్లో తండ్రో స్వయంగా వచ్చి ఫారం మీద సంతకం పెట్టాలి. మన తెలుగు పిల్లలు పదిహేడు మంది ఉన్నారు. ఎనిమిదిళ్ళ నుంచి వచ్చారు, తొమ్మిదిళ్ళ నుంచి రాలేదు. ఆ తొమ్మిదింటిలో ఒకటి నా తోడబుట్టినదాని ఇల్లు.

పదో తారీకున హెడ్మాస్టరు సౌరభ్ సర్ నన్ను పిలిపించాడు. పేరు పోయిన మనవడి కోసం వచ్చిన పోలరాజు బాబాయి కూడా అక్కడే ఉన్నాడు. ఆ సౌరభ్ సర్‌కి ముప్పై అయిదేళ్ళు కూడా ఉండవు. లిస్టు నా వైపు తిప్పి, "నాగేంద్రబాబూజీ, ఆప్‌కే లోగ్ ఆతే హీ నహీ" అన్నాడు. మీ మనుషులు రానే రారు అని. నవ్వుతూ అని ఉంటే అక్కడే పోట్లాడేవాణ్ణి. జాలిపడుతూ అన్నాడు. జాలితో ఎలా పోట్లాడాలి?

రెండేళ్ళు, చిలకమ్మా! కుటుంబాలకి ఏమీ చెప్పరు, చెప్పినా సర్కారీ హిందీలో చెప్తారు, ఆ తర్వాత మీకే పట్టదంటారు అని రెండేళ్ళు ఆ బడి గేటు దగ్గర గొంతు చించుకున్నాను. కరపత్రాలు వేశాను. తెలుగు తల్లిదండ్రుల వేదిక అని రబ్బరు ముద్ర చేయించాను. మా ఇళ్ళకి హిందీ కాగితం వద్దు, తెలుగు కాగితమే వెళ్ళాలని పట్టుబట్టి సాధించాను. ఈ ఏడు మొదటి నోటీసు తెచ్చి నా చేతిలో పెట్టారు. నేనే తెలుగు చేశాను, నేనే జిరాక్స్ తీయించాను, మీ మాంగోకి మన ఆటో సూర్యం చేత పంపాను. "కాగితం సరిగ్గానే వెళ్ళిందా?" అని సౌరభ్ సర్ అడిగితే బాబాయి ఎదురుగానే చెప్పాను, అక్షరం పొల్లుపోలేదు, ఉన్నదున్నట్టు వెళ్ళిందని.

ఇంక రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని అడగను? చదువు అందనివ్వని వాళ్ళ మీద నాకు కోపం ఉంది. మరి గుమ్మం దాకా తెచ్చిపెట్టినా అందుకోని వాళ్ళ మీద ఏముండాలి? నర్సింగ్‌హోములో ఆయా డ్యూటీ ఒక్క రోజు మార్చుకోలేకపోయావా? మీ ఆయన పైడిబాబుకి మధ్యాహ్నం షిఫ్టు కదా, పొద్దున్న పదింటికి వచ్చి ఒక సంతకం గీకి వెళ్ళలేకపోయాడా? రేపు ఆ పిల్ల నీలాగే ఎవరి మంచం పక్కనో బెడ్‌పాన్ పట్టుకుని నిలబడితే, అప్పుడు కూడా వ్యవస్థని తిట్టమంటావా నన్ను?

నాకు సిగ్గుగా ఉంది. నీ వల్ల.

కారణం రాయి.

నాగేంద్రబాబు


మాంగో,
ఏప్రిల్ 17

అన్నియ్యకి నమస్కారం.

ఉత్తరం అందింది. సూర్యం గుమ్మం దగ్గరే నిలబడి, "వదినా, నాగేంద్రబాబు కోపం మీదున్నాడు. జవాబిప్పుడే ఇచ్చీ, లేపోతే నన్ను తిడతాడు" అన్నాడు. తర్వాత ఇత్తానని పంపీసాను.

తప్పు నాదే. కారణం అడక్కు. డ్యూటీ మార్చుకోవడం కష్టం కాదు, తోటి ఆయా కల్పనని అడిగితే నా బదులు చేసేది. శ్వేత నాన్న కూడా వచ్చేవారే. రాలేదు, అంతే.

పదో తారీకున నేనూ శ్వేతతో ఆటోలో వంతెన దాటి వచ్చాను. కొత్త క్లాసు మొదటి రోజు కదా, గేటు దాకా దిగబెడదామనుకున్నాను. వాచ్‌మన్ దగ్గర లిస్టు ఉంది. దాంట్లో చూసి "నామ్ కట్ గయా" అన్నాడు, పేరు కొట్టేశారని. శ్వేత నవ్వింది. "దూస్రీ శ్వేతా హోగీ, భయ్యా" అంది, ఇంకో శ్వేత ఉంది వాళ్ళ క్లాసులో. వాచ్‌మన్ వేలు పెట్టి తండ్రి పేరు కూడా చదివాడు. లోపల పిల్లలు ప్రార్థనకి వరసలు కట్టారు. కొందరు ఇటు చూస్తున్నారు. శ్వేత భుజాన ఉన్న బ్యాగు ముందుకి లాక్కుని, యూనిఫాం మీది బడి గుర్తు కనబడకుండా పట్టుకుంది.

తిరిగొచ్చేప్పుడు మన వీధి రాకముందే దిగిపోదామంది. దిగి సందుల్లోంచి నడిచాం. ఎవరైనా అడిగితే జ్వరం అని చెప్తోంది. నేనూ అదే చెప్తున్నాను. వారం నుంచి మా ఇంట్లో అబద్ధపు జ్వరం కాపురం ఉంది. పక్కింటి దేవి నిన్న బార్లీ కాచి తెచ్చింది. తల్లీకూతుళ్ళం ఆమె ఎదురుగా కూర్చుని తాగాం.

నువ్వు రాసినవన్నీ చదివాను. నర్సింగ్‌హోములో రోగుల వాళ్ళకి ఎక్కడ సంతకం పెట్టాలో రోజుకి పదిమందికి నేను వేలుపెట్టి చూపిస్తాను. అలాంటిదాన్ని నా కూతురి కాగితం మీద సంతకం పెట్టకుండా ఇంట్లో కూర్చున్నాను. అది తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను. బెడ్‌పాన్ సంగతి మాత్రం రాయకుండా ఉండాల్సింది. అది నా పని.

సీటు తిరిగొచ్చే దారి ఉంటే చూడు. కోపం తర్వాత పడుదువుగాని.

నువ్వు పంపిన తెలుగు కాగితం నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేదు.

చిలకమ్మ


బిర్సానగర్,
ఏప్రిల్ 24

చిలకమ్మా,

"కారణం అడక్కు" అట! ఇదే మన వాళ్ళ రోగం. తప్పు నాదే అని తల వంచేస్తే ఇంక ఎవరూ ఏమీ అడగకూడదు. తల వంచడం జవాబు కాదు. అదొక తప్పించుకునే విద్య.

సరే, దారి దొరికింది. వేసవి సెలవులు మే ఇరవైన మొదలు. ఆలోగా రిజిస్టరు మూసేస్తారు. సౌరభ్ సర్‌తో రెండు గంటలు వాదించాను. చివరికి ఒకటి ఒప్పుకున్నాడు. తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ మాఫీనామా రాసివ్వాలి. మా నిర్లక్ష్యం వల్ల రాలేకపోయాం, ఇక ముందు ఇలా జరగదు, దయచేసి క్షమించండి అని. అప్పుడు మిగిలిన సీట్లు ఎన్నో చూసి ఒక్కొక్కరి విషయం ఆలోచిస్తాడట. అందరికీ వస్తుందని మాట ఇవ్వలేదు.

నాకు మాత్రం ఇష్టమా? క్షమాపణ పత్రాలు రాయించుకునే ప్రతివాడి మీదా ఇన్నేళ్ళు కత్తి దూసినవాణ్ణి. కాని ఇక్కడ పిల్లల ఏడాది పోతోంది. హిందీలో నేనే రాసి తొమ్మిది కాపీలు తీయించాను. ఆరుగురు సంతకాలు పెట్టారు. తొమ్మిదీ చేరాక ఒకేసారి ఇస్తాను. నీది ఇందులో పెట్టాను.

పోలరాజు బాబాయి సంతకం పెడుతూ ఏమన్నాడో తెలుసా? "నువ్వంపిన కాయితం పెళ్ళి పిలుపులాగుంది బాబూ. వీలైతే ఎల్దాం, లేపోతే తరవాత కనిపిద్దాం అనుకున్నాం" అన్నాడు. డెబ్భై ఏళ్ళొచ్చినా ముసలాయనకి హాస్యం పోలేదు. నేను నవ్వలేదు.

సంతకం పెట్టి సూర్యానికి ఇవ్వు. ఆలస్యం చెయ్యకు. ఇప్పటికి నువ్వు చేసిన ఆలస్యం చాలు.

నాగేంద్రబాబు


మాంగో,
ఏప్రిల్ 29

అన్నియ్యకి,

మాఫీనామా తిప్పి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు, పెట్టను.

నువ్వు నన్ను తిడితే పడ్డాను. ఇంట్లో మాట, ఇంట్లోనే ఉంటుంది. కాని ఆఫీసు కాగితం మీద నిర్లక్ష్యం అని నా పేరు కింద రాసి, శ్వేత బడి ఫైల్లో అది ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. నేను నిర్లక్ష్యం చెయ్యలేదు. కారణం అడక్కు అన్నది నా కోసం కాదు.

నీ తెలుగు కాగితం ఇందులో పెట్టాను. చదువు. నువ్వు రాసినట్టు కాదు, నేను చదివినట్టు చదువు.

పైన పెద్ద అక్షరాలతో సూచన అని ఉంది. మన తెలుగు బడిలో ఏడు దాకా చదివినదాన్ని. సూచన అంటే ఇలా చేస్తే బాగుంటుందని చెప్పడం, చెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనరు. హిందీలో సూచనా అంటే నోటీసు అని నాకు తెలియదా? టాటానగర్ స్టేషన్‌కి వెళ్ళిన ప్రతిసారీ చూస్తాను. కాని నువ్వు పంపింది తెలుగు కాగితం కదా, తెలుగులో చదివాను.

ఒకటో వాక్యం, తొమ్మిదో తరగతి మొదలవుతోంది. రెండు, ఎనిమిదో తారీకు పదింటికి మీ రాకను కోరుతున్నాము. మూడు, వచ్చేటప్పుడు పాత మార్కుల కాగితం తెచ్చుకోండి. ఇంతే ఉంది. పోలరాజు బాబాయి హాస్యం ఆడలేదు అన్నియ్యా. ఆ రోజు నేను చూసే మంచాల్లో ఇద్దరికి ఆపరేషన్లు. రాకను కోరుతున్నారు, మరోసారి వెళ్దాం అనుకుని డ్యూటీకి పోయాను.

ఇది పదో తారీకునే నాకు అర్థమైంది. నీ పేరు పోతుందని ఊరుకున్నాను.

మొన్న శ్వేత స్నేహితురాలు ఉజ్వల జ్వరం చూడ్డానికి వచ్చింది. జ్వరం లేదని తెలిసి ఏడ్చింది. మర్నాడు వాళ్ళింట్లో ఉన్న హిందీ కాగితం తెచ్చిచ్చింది. శ్వేత రెండు కాగితాలూ నేల మీద పక్కపక్కన పెట్టి వేలుతో లెక్కపెట్టింది. హిందీలో నాలుగు వాక్యాలు ఉన్నాయి, తెలుగులో మూడు. నాలుగోది నేను చదివాను. దాంట్లో నాకు రానంత హిందీ ఏమీ లేదు.

ఆ నాలుగో వాక్యం ఎక్కడికి పోయింది?

నిన్న డ్యూటీ దిగి ఒక్కదాన్నే బడికి వెళ్ళాను. హెడ్ క్లర్కు బలరామ్‌గారిని అడిగాను, కాగితమే తప్పైతే ఏం చేస్తారని. కాగితం తప్పైతే తొమ్మిది పేర్లూ తిరిగి ఎక్కుతాయి, మాఫీనామాలు అక్కర్లేదు అన్నారు. కాకపోతే కాగితం రాసినవాళ్ళు తప్పు మాదేనని రాసి సంతకం పెట్టాలట. ఎవరు రాశారని అడిగారు. నేను చెప్పలేదు.

చిలకమ్మ


బిర్సానగర్,
మే 6

చెల్లీ,

ఏడు రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను. మొదటిదాంట్లో నీ మీద కోప్పడ్డాను. రెండోదాంట్లో భాష మీద కోప్పడ్డాను.

సూచన సంగతి నిజంగా తెలియకే జరిగింది. ముప్పై ఏళ్ళుగా కాంట్రాక్టు కంపెనీ గేటు దగ్గర టైమ్ కీపరుగా కూర్చున్నవాణ్ణి. నా నెత్తి మీద బోర్డు నిండా సూచనాలే. చెయ్యి తెలుగులో రాస్తోంది, బుర్ర హిందీలో నడుస్తోంది. ఈ ఊళ్ళో మనందరిదీ ఇదే బతుకు, రెండు భాషల మధ్య గోడ ఎప్పుడో కూలిపోయింది అని నాలుగు పేజీలు రాశాను. బాగా వచ్చింది కూడా. చదువుకుంటే నాకే అసహ్యం వేసింది. నువ్వు అడిగింది అది కాదు.

హాజరు కాని పక్షంలో విద్యార్థి పేరు కొట్టివేయబడును. అదీ నాలుగో వాక్యం. చదివాను. అర్థమైంది. తెలుగు కూడా చేశాను. ఆ తర్వాత దాని మీద గీత గీసేశాను.

నాన్న కూలికి వెళ్ళే రోజుల్లో హాజరు రాసే మున్షీ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "నామ్ కాట్ దూంగా" అనేవాడు, ఆలస్యమైతే పేరు కొట్టేస్తానని, గుర్తుందా? అప్పటికి నీకు ఏడేళ్ళు, గుర్తుండదు. ఆ మాట వినగానే నాన్న భుజాలు కిందికి దిగిపోయేవి. అదే మాట నా చేతిరాతలో, నా ముద్ర వేసుకుని మన ఇళ్ళకి వెళ్ళడమా అనుకున్నాను. మన వాళ్ళని ఎవరూ బెదిరించి పిలవక్కర్లేదు, మర్యాదగా పిలిస్తే చాలు, వస్తారు అనుకున్నాను. అందుకే రాకను కోరుతున్నాము అని రాశాను. మీకు గౌరవం ఇస్తున్నాననే అనుకున్నాను.

అది గౌరవం కాదు. బెదిరింపు వాళ్ళది, దాన్ని మీకు కనబడకుండా చేసింది నేను. తెలిసి ఉంటే మీరు వచ్చేవారు. తిట్టుకుంటూనైనా వచ్చేవారు. వచ్చి, ఇదేం పద్ధతని సౌరభ్ సర్‌ని నిలదీసేవారు కూడా. మీ కోపం కూడా నేనే పడేశాను, మీకేమీ మిగల్చకుండా. కుటుంబాలకి చెప్పరు, చెప్పరు అని రెండేళ్ళు అరిచాను. చెప్పనిది నేను.

ఇంతవరకు రాయడం తేలికే. అసలుది ఇప్పుడు రాస్తున్నాను.

పదో తారీకున సౌరభ్ సర్ కాగితం సరిగ్గా వెళ్ళిందా అని అడిగినప్పుడు ఆ గీత నాకు గుర్తొచ్చింది. స్పష్టంగా గుర్తొచ్చింది. గుర్తొస్తూ ఉండగానే అక్షరం పొల్లుపోలేదన్నాను. మూడు రోజుల తర్వాత నీకు మొదటి ఉత్తరం రాశాను. తెలిసే రాశాను, చిలకమ్మా. నువ్వే కొట్టేశావని, కన్నతల్లివని, అన్నీ తెలిసే రాశాను. ఎంత గట్టిగా తిడితే అది అంత నిజమవుతుందనుకున్నానో ఏమో. బాబాయి మాఫీనామా మీద సంతకం పెడుతుంటే కాగితం జారకుండా పట్టుకున్నది నేను.

ఇప్పుడు నేను రాసిస్తే సౌరభ్ సర్ తెలుగు కాగితాలు ఆపేస్తాడు. దానికోసమే చూస్తున్నాడు. రెండేళ్ళ పోరాటం నా ఒక్క సంతకంతో పోతుంది, రేపు ఇంకే భాష వాళ్ళూ అడగలేరు. ఈ వాదన సగం నిజం. మిగతా సగం నా మొహం. ఏ సగం ఎక్కువో నేను తేల్చుకోలేకపోతున్నాను.

నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఎప్పుడూ చెప్పడమే. ఏం చెయ్యమంటావు?

అన్నయ్య


మాంగో,
మే 11

అన్నియ్యకి,

చదివాను. వెంటనే నీ మొదటి ఉత్తరం తీసి తారీకు చూశాను. పదమూడు.

నువ్వు అబద్ధం ఆడావని కాదు నా బాధ. నువ్వు రాసినది నాకు నిజమే అనిపించింది. అన్నీ తెలిసి కూడా, కాగితం ముందు పెట్టుకుని కూడా, మంచి తల్లైతే ఎలాగైనా వెళ్ళి ఉండేది కదా అనుకుంటూ నెల రోజులు డ్యూటీ చేశాను. ఒక రోజు ఒకరికి ఇవ్వాల్సిన మందు ఇంకొకరి మంచం దగ్గర పెట్టాను. కల్పన చూసి తీసింది.

నాన్న భుజాలు నాకూ గుర్తున్నాయి. ఏడేళ్ళదానికి ఏమీ తెలియదనుకోకు. ఇంకొకటి కూడా గుర్తుంది. ఆ మాట విన్నాక నాన్న పరిగెత్తేవాడు. వేళకి గేటు దాటేవాడు. ఆయన పేరు ఒక్క రోజు కూడా పోలేదు.

శ్వేతకి విషయం చెప్పాను. "మామాజీ నే కాటా?" అంది, మామయ్యే కొట్టేశాడా అని. అవునన్నాను. "తో సర్ కో బోల్ దేంగే నా?" అంది. అయితే సర్‌తో చెప్పేస్తాడు కదా అని. అందులో కష్టం ఏముందో ఆ పిల్లకి తెలియలేదు.

తెలుగు కాగితాలు ఆగిపోతాయంటున్నావు. ఆపితే మళ్ళీ అడుగుదాం. ఈసారి నువ్వొక్కడివి కాదు, నేనూ వస్తాను. ముందు పిల్లల పేర్లు ఎక్కనీ.

ఏం చెయ్యమంటావని అడిగావు. నువ్వు కరపత్రాల చివర మా డిమాండ్లు అని వేస్తావు. నాకు ఆ భాష రాదు. నాకు కావలసినవి రాస్తున్నాను.

1. సోమ, మంగళవారాల్లో మిగతా ఎనిమిది ఇళ్ళకీ నువ్వే వెళ్ళాలి. సూర్యాన్ని పంపకూడదు. నాలుగో వాక్యం చదివి వినిపించి, ఎవరు తీసేశారో చెప్పాలి.

2. నీ దగ్గరున్న ఆరు మాఫీనామాలు ఎవరివి వాళ్ళ చేతికి ఇచ్చేయాలి. నువ్వు చింపకూడదు. చింపుకుంటే వాళ్ళే చింపుకుంటారు.

3. ఆ వాక్యం నేనే తీసేశాను, తర్వాత అడిగితే అబద్ధం చెప్పాను అని హిందీలో రాసి సంతకం పెట్టాలి. వేదిక పేరు ఉండకూడదు, ముద్ర ఉండకూడదు. నీ పేరు మాత్రమే ఉండాలి.

4. దాంట్లో సూచన గురించి ఒక్క వాక్యం చాలు. నాన్న సంగతి రాయకూడదు.

5. ఇక మీదట హిందీ కాగితంలో ఉన్నదంతా తెలుగు కాగితంలో ఉండాలి. తిట్టు ఉంటే తిట్టు, బెదిరింపు ఉంటే బెదిరింపు. నీకు కోపం వస్తే కింద వేరేగా రాసుకో.

6. జిరాక్స్ తీయించే ముందు ఇద్దరు తల్లులకి చదివి వినిపించాలి. ఏం అర్థమైందో వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి.

7. శ్వేతకి నువ్వు చెప్పాలి. నేను చెప్పినది లెక్కలోకి రాదు.

8. బుధవారం పొద్దున్న ఏడింటికి ఆ సంతకం పెట్టిన కాగితంతో బడి గేటు దగ్గర ఉండాలి. ఈ ఉత్తరానికి జవాబు రాయకూడదు.

చిలకమ్మ